సిలికాన్ సంచులు: మార్కెట్టుకున్న వేగం చట్టానికి లేదు

చెన్నైలోని స్టాన్లీ వైద్య కళాశాల ఆసుపత్రిలో వక్షోజాల శస్త్రచికిత్సలను, సౌందర్యం కోసం చేసేవాటితో సహా, పేదలకు ఉచితంగా అందిస్తామని 2018 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. డబ్బున్నవారికి దొరికే సౌందర్య చికిత్స పేదలకు మాత్రం ఎందుకు దొరకకూడదని నాటి ఆరోగ్య మంత్రి సి. విజయభాస్కర్ ప్రశ్నించారు. సర్కారు దవాఖానాలో ఆ వసతి లేకపోతే అప్పులు చేసి ప్రైవేటు ఆసుపత్రులకు పోతారన్నది ఆయన వాదన. అంటువ్యాధులకూ ప్రాణాంతక రోగాలకూ నిధులు చాలని చోట ఖజానా సొమ్మును అందచందాలకు వెచ్చించడమేమిటని ప్రజారోగ్య రంగానికి చెందినవారు కొందరు ఆక్షేపించారు. కొద్ది రోజులకు ఆ వాదోపవాదాలు సద్దుమణిగాయి.

అప్పుడు అంతగా వినిపించని ప్రశ్న ఒకటి ఇప్పటికీ మిగిలే ఉంది. ఖర్చు రోగి భరించినా, సర్కారు భరించినా, శరీరం లోపలికి వెళ్లి ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయే వస్తువుకు పూచీ ఎవరిది? అది పగిలితే, కారితే, మరో రోగానికి దారి తీస్తే, దాన్ని అమర్చుకున్న స్త్రీని వెతికి పట్టుకుని చెప్పగలిగే యంత్రాంగం ఈ దేశంలో ఉందా? అమెరికాలో, ఫ్రాన్సులో ఈ ప్రశ్నకు సమాధానం ఆలస్యంగా దొరికింది. ఆ ఆలస్యానికి లక్షలాది మంది మహిళలు మూల్యం చెల్లించారు.

అంతర్జాతీయ సౌందర్య ప్లాస్టిక్ సర్జరీ సంఘం సేకరించిన వివరాల ప్రకారం 2023లో ప్రపంచవ్యాప్తంగా వక్షోజాలలో ఇంప్లాంట్లు అమర్చే ఆపరేషన్లు దాదాపు 19 లక్షలు జరిగాయి. సౌందర్యం కోసం జరిగే శస్త్రచికిత్సలలో, కొవ్వు తొలగించే లైపోసక్షన్ తరువాతి స్థానం దీనిదే. వీటిలో గణనీయమైన భాగం పరిమాణం పెంచుకోవడానికి మాత్రమే చేయించుకున్నవి కావు. కాన్పుల తరువాతనో, బరువు బాగా తగ్గిన తరువాతనో, వయసు వల్లనో జారిన వక్షోజాలను సరిచేయించుకోవాలని వచ్చేవారు అన్ని దేశాలలోనూ ఉన్నారు. భారతీయ నగరాలలోనూ ఉన్నారు.

స్తనంలో కండరం ఉండదు. పాల గ్రంథులు, కొవ్వు, వాటిని చర్మానికీ ఛాతీకీ కలిపి పట్టి ఉంచే పీచు తంతువులు ఉంటాయి. 19వ శతాబ్దపు బ్రిటిష్ శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ పేరిట ఈ తంతువులను కూపర్ స్నాయువులని పిలుస్తారు. వయసు మీద పడేకొద్దీ అవి సాగుతాయి. చర్మం బిగువు సడలుతుంది. గర్భధారణ సమయంలో పెరిగిన గ్రంథులు ఆ తరువాత కుంచించుకుపోయినప్పుడు పైనున్న చర్మం వదులుగా మిగిలిపోతుంది. ఇది రోగం కాదు. అయితే రోగం కానంత మాత్రాన దాని వల్ల కలిగే మనస్తాపం అబద్ధమనడానికీ వీలులేదు. ముఖ్యంగా బిడ్డల తల్లులైన నడివయసు స్త్రీలు ఈ విషయాన్ని భర్తతో సైతం చెప్పుకోలేక, పత్రికలలో వచ్చే తైలాల ప్రకటనలను నమ్మి మోసపోవడం కొత్త సంగతి కాదు.

ఈ సందర్భంగా ఒక అపోహను గురించి చెప్పుకోక తప్పదు. బిడ్డకు పాలిస్తే వక్షోజాలు జారిపోతాయన్న నమ్మకం ఇళ్లల్లో బలంగా ఉంది. అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్లాస్టిక్ సర్జన్ బ్రయాన్ రింకర్, ఆయన సహచరులు తమ వద్దకు శస్త్రచికిత్స కోసం వచ్చిన తల్లులను పరిశీలించి 2008లో ప్రచురించిన పరిశోధనలో పాలివ్వడం దీనికి స్వతంత్ర కారణం కాదని తేలింది. వయసు, గర్భధారణల సంఖ్య, శరీర బరువు, గర్భానికి ముందు స్తన పరిమాణం, పొగతాగే అలవాటు మాత్రమే కారణాలుగా నిలిచాయి. అంటే జరిగే మార్పు ఏదైనా గర్భం దాల్చడంతోనే జరుగుతున్నది. ఆపైన పాలు మాన్పించినందువల్ల తల్లికి ఒరిగేదేమీ లేదు, బిడ్డకు మాత్రం నష్టం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారతదేశంలో ఆరు నెలల లోపు శిశువులలో కేవలం తల్లిపాలతో పెరుగుతున్నవారు 63.7 శాతమే. మిగిలినవారికి అవి అందకపోవడానికి కారణాలు అనేకం. వాటిలో అందం గురించిన భయం ఎంత చిన్న పాలు పోషించినా అది తీసిపారేయదగినది కాదు.

ఇంప్లాంటు ఒక్కటే చాలదు

జారుడు తీవ్రతను కొలవడానికి సర్జన్లు నేటికీ ఎక్కువగా కెనడాకు చెందిన మహిళా సర్జన్ పౌల్ రెనో 1976లో ప్రతిపాదించిన వర్గీకరణనే అనుసరిస్తున్నారు. వక్షోజం కింది ముడతకు చనుమొన ఏ ఎత్తున ఉన్నదన్నదే ఇందులో కొలమానం. ముడత వద్దనే ఉంటే మొదటి దశ. ముడత కంటే దిగువకు వస్తే రెండవ దశ. స్తనంలో అన్నిటికంటే కింది భాగానికి చేరి నేలచూపు చూస్తుంటే మూడవ దశ. చనుమొన ఎత్తు సరిగానే ఉండి కేవలం కింది భాగం జారినట్లు కనిపించేదానిని మిథ్యా సడలింపుగా లెక్కిస్తారు.

ఈ లెక్క పేషెంటుకు తెలిసి ఉండటం ఎంతో అవసరం. ఎందుకంటే సిలికాన్ సంచిని లోపల పెట్టి ఖాళీ అయిన చర్మాన్ని నింపడం ద్వారా సరిచేయగలిగింది మిథ్యా సడలింపును, మహా అయితే మొదటి దశను మాత్రమే. రెండు, మూడు దశలలో చనుమొనను పైకి జరిపి, మిగులు చర్మాన్ని కత్తిరించి కుట్టవలసిందే. దీనిని మాస్టోపెక్సీ అంటారు. దీనికి ఇంప్లాంటు తప్పనిసరి కాదు. స్తనంలో తగినంత కణజాలం ఉన్నవారికి ఉన్నదానినే మలచి పైకి ఎత్తవచ్చు. మచ్చలు మాత్రం మిగులుతాయి. సడలింపు ఎంత ఎక్కువైతే మచ్చ అంత పొడుగు: కొందరికి చనుమొన చుట్టూ, కొందరికి అక్కడి నుంచి నిలువుగా కిందికి, మరికొందరికి లంగరు ఆకారంలో.

రెండింటినీ ఒకే ఆపరేషనులో చేయడంపై సర్జన్లలోనే దశాబ్దాలుగా భేదాభిప్రాయాలున్నాయి. కారణం సుస్పష్టం. మాస్టోపెక్సీ చర్మాన్ని బిగిస్తుంది. ఇంప్లాంటు అదే చర్మాన్ని లోపలి నుంచి సాగదీస్తుంది. ఒకే సమయంలో ఒకదానికొకటి ఎదురు పనిచేసే ఈ రెండు చర్యలను సమతూకంలో నిలపడం నిపుణులకు కూడా కత్తి మీద సామే. చర్మానికి రక్తప్రసరణ తగ్గితే గాయం మానదు. చనుమొన స్పర్శ కోల్పోవచ్చు, అరుదుగా కణజాలమే చనిపోవచ్చు. అందుకే పలువురు సర్జన్లు ముందు పైకెత్తి, నెలల తరువాత అవసరమైతేనే ఇంప్లాంటు పెట్టాలంటారు. రెండు సార్లు మత్తు, రెండు సార్లు ఖర్చు ఎందుకని ఇంకొందరంటారు. ఇంప్లాంటు బరువుకు చర్మం కాలక్రమంలో మళ్లీ సాగుతుందన్న విషయంలో మాత్రం ఇరుపక్షాలకూ పేచీ లేదు. పెద్ద ఇంప్లాంటు కోరుకున్నవారికి ఈ సమస్య త్వరగా ఎదురవుతుంది.

ప్రకటనలలో కనిపించే 'శాశ్వత పరిష్కారం' అన్న మాట ఇక్కడే వీగిపోతుంది. సౌందర్యం కోసం ఇంప్లాంట్లు పెట్టించుకున్నవారిలో 20 శాతం దాకా పదేళ్లలోగా వాటిని తీయించుకోవలసి వస్తున్నదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. 2011లో వెల్లడించింది. సంచి చుట్టూ శరీరం సహజంగానే ఒక పొరను అల్లుకుంటుంది. ఆ పొర గట్టిపడి బిగుసుకుంటే వక్షోజం రాయిలా మారి నొప్పి పుడుతుంది. సిలికాన్ జెల్ ఇంప్లాంటు పగిలినా చాలాసార్లు పైకి తెలియదు. అందుచేత ఏ లక్షణమూ లేకపోయినా ఆపరేషను జరిగిన అయిదారేళ్లకు ఒకసారి, ఆ తరువాత రెండు మూడేళ్లకొకసారి అల్ట్రాసౌండు లేదా ఎం.ఆర్.ఐ. పరీక్ష చేయించుకోవాలని ఎఫ్.డి.ఎ. 2020లో సూచించింది. ఆపరేషను ఖర్చు చెప్పే క్లినిక్కులు ఈ పరీక్షల ఖర్చును కూడా కలిపి చెబితే చేయించుకునేవారి నిర్ణయం కొంత మారవచ్చు.

హ్యూస్టన్ నుంచి దివాలా కోర్టు దాకా

సిలికాన్ జెల్ ఇంప్లాంటును మొదటిసారిగా 1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో థామస్ క్రోనిన్, ఫ్రాంక్ జెరో అనే సర్జన్లు ఒక మహిళకు అమర్చారు. తయారు చేసింది డౌ కార్నింగ్ కంపెనీ. అప్పటికి అమెరికాలో వైద్య పరికరాలను ముందుగా పరీక్షించి అనుమతించే చట్టమే లేదు. 1976లో చట్టం వచ్చేనాటికి ఇంప్లాంట్లు దశాబ్దానికి పైగా అమ్ముడవుతున్నాయి కనుక, పాత సరుకుగా వాటికి మినహాయింపు లభించింది. వాటి భద్రతను నిరూపించే పత్రాలు చూపాలని కంపెనీలను ఎఫ్.డి.ఎ. గట్టిగా అడిగింది 1991లో. అంటే మొదటి ఆపరేషను జరిగిన 29 ఏళ్లకు!

చూపిన పత్రాలు చాలలేదు. 1992 జనవరిలో నాటి ఎఫ్.డి.ఎ. అధిపతి డేవిడ్ కెస్లర్ అమ్మకాలు నిలిపివేయాలని కోరారు. ఏప్రిల్లో ఆంక్షలు ఖరారయ్యాయి. క్యాన్సరు వంటి కారణాలతో స్తనం కోల్పోయినవారికి తప్ప సౌందర్యం కోసం జెల్ ఇంప్లాంట్లు పరిశోధనల పరిధి దాటి అమర్చరాదన్నారు. వెంటనే దావాల వరద మొదలైంది. 1994లో కంపెనీలన్నీ కలిసి 425 కోట్ల డాలర్ల పరిహార నిధికి ఒప్పుకున్నాయి. నాలుగు లక్షలకు పైగా మహిళలు పేర్లు నమోదు చేసుకోవడంతో ఆ ఒప్పందమే కుప్పకూలింది. 1995 మే నెలలో డౌ కార్నింగ్ దివాలా రక్షణ కోరింది. చివరకు 1998లో 320 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ రాజీలో కూడా విదేశీ మహిళలకు, వారి దేశాన్ని బట్టి, అమెరికా మహిళలకు ఇచ్చే మొత్తంలో 60 శాతమో 35 శాతమో మాత్రమే దక్కింది. ఒకే కంపెనీ వస్తువు, ఒకే రకమైన నష్టం. వెల మాత్రం పాస్‌పోర్టును బట్టి నిర్ణయమైంది.

విశేషమేమిటంటే కోర్టులలో ప్రధానంగా వినిపించిన ఆరోపణ శాస్త్రపరీక్షకు నిలవలేదు. సిలికాన్ వల్ల కీళ్లవాతం వంటి రోగాలు వస్తున్నాయనడానికి ఆధారాలు లేవని అమెరికా వైద్య సంస్థ నియమించిన నిపుణుల సంఘం 1999లో తేల్చింది. అయితే పగలడం, పొర బిగుసుకోవడం, మళ్లీ ఆపరేషను చేయవలసి రావడం వంటి స్థానిక సమస్యలు తరచుగా ఉన్నాయనీ, అవే అసలు ఆందోళన అనీ అదే సంఘం పేర్కొంది. 2006 నవంబరులో అలర్‌గాన్, మెంటర్ కంపెనీల జెల్ ఇంప్లాంట్లకు షరతులతో తిరిగి అనుమతి లభించింది. ఆ 14 ఏళ్ల కథ మొత్తంలో తప్పెవరిదన్న చర్చను పక్కన పెట్టినా, ఒక విషయం స్పష్టం. లెక్కలు ముందే రాసి ఉంచి ఉంటే, ఈ ప్రశ్నకు కోర్టులలో కాక ఆసుపత్రులలోనే, అదీ ఎంతో ముందుగా, జవాబు దొరికి ఉండేది.

ఫ్రాన్సులో జరిగింది పూర్తిగా వేరు. అది నేరం. 1991లో జాన్ క్లోడ్ మాస్ అనే వ్యాపారి స్థాపించిన పాలీ ఇంప్లాంట్ ప్రోథేజ్ కంపెనీ, వైద్య ప్రమాణాలు గల సిలికాన్‌కు బదులుగా పారిశ్రామిక అవసరాల కోసం తయారయ్యే చవక సిలికాన్‌ను సంచులలో నింపి అమ్మింది. నాణ్యతా ధ్రువపత్రం ఇచ్చింది జర్మనీకి చెందిన పేరుమోసిన తనిఖీ సంస్థ టి.యు.వి. రైన్‌లాండ్. ఇన్‌స్పెక్టర్లు వచ్చే రోజు ముందుగా తెలిసేది కనుక, అసలు సరుకును కనబడకుండా దాచేవారు. 2000 సంవత్సరంలోనే ఈ కంపెనీ కర్మాగారాన్ని చూసి వచ్చిన అమెరికా అధికారులు లోపాలెన్నుతూ హెచ్చరిక లేఖ పంపారు. ఐరోపాలో మాత్రం అమ్మకాలు మరో పదేళ్లు నిరాటంకంగా సాగాయి. 2010 మార్చిలో ఫ్రెంచి అధికారులు తలుపులు తట్టేసరికి 65 దేశాలలో మూడు లక్షల మందికి పైగా మహిళల శరీరాలలోకి ఆ సరుకు చేరిపోయింది. 2011 డిసెంబరులో ముందు జాగ్రత్తగా వాటిని తీయించుకోవాలని ఫ్రెంచి ప్రభుత్వం సుమారు 30 వేల మంది మహిళలకు సలహా ఇచ్చింది. మాస్‌కు 2013 డిసెంబరులో నాలుగేళ్ల జైలుశిక్ష, 75 వేల యూరోల జరిమానా పడ్డాయి. 2019లో ఆయన మరణించారు. తనిఖీ సంస్థ నిర్లక్ష్యం వహించిందని 2021 మేలో పారిస్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది.

ఈ మోసానికి సంబంధం లేని మరో ప్రమాదం అప్పటికే తలెత్తి ఉంది. ఇంప్లాంటు చుట్టూ ఏర్పడే పొరలో అరుదైన లింఫోమా పుడుతున్నట్లు 2011లో ఎఫ్.డి.ఎ. ప్రకటించింది. ఇది స్తన క్యాన్సరు కాదు, రోగనిరోధక కణాల క్యాన్సరు. ఆపరేషను జరిగిన ఎనిమిది, పదేళ్లకు ఒకవైపు వాపుతో బయటపడుతుంది. పైభాగం గరుకుగా ఉండే ఇంప్లాంట్లలోనే దాదాపుగా ఇది కనిపిస్తున్నది. 2019 జూలై నాటికి ప్రపంచవ్యాప్తంగా నమోదైన 573 కేసులలో 481 అలర్‌గాన్ ఇంప్లాంట్లతో ముడిపడినవే. మృతులు 33 మంది. ఆ నెలలోనే అలర్‌గాన్ తన గరుకు రకం ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. కోట్లలో ఉన్న వాడకందార్లతో పోలిస్తే ఈ సంఖ్య స్వల్పమే. తొలిదశలో గుర్తిస్తే ఇంప్లాంటునూ దాని చుట్టూ ఉన్న పొరనూ తొలగించడంతో చాలామందికి నయమవుతుంది కూడా. తొలిదశలో గుర్తించాలంటే మాత్రం తనలో ఉన్నది ఏ కంపెనీ, ఏ రకం ఇంప్లాంటో ఆ మహిళకు తెలిసి ఉండాలి.

2021 అక్టోబరులో ఎఫ్.డి.ఎ. ఇంప్లాంట్ల పెట్టెలపై అత్యంత తీవ్రస్థాయి హెచ్చరికను ముద్రించాలని ఆదేశించింది. ఇవి జీవితకాలం మన్నే వస్తువులు కావన్నది అందులో మొదటి వాక్యాలలో ఒకటి. సర్జను పేషెంటుతో కూర్చుని ప్రమాదాల పట్టికను ఒక్కొక్కటిగా చదివి సంతకాలు తీసుకోని ఆసుపత్రులకు సరుకే అమ్మరాదన్న షరతు కూడా విధించింది.

ఇక్కడి సంగతి

భారతదేశంలో 2005 అక్టోబరు దాకా శరీరంలో అమర్చే కృత్రిమ భాగాలపై ఔషధ నియంత్రణ చట్టం కింద చెప్పుకోదగిన అదుపు లేదు. ఆ నెలలో కేంద్రం గుండె స్టెంట్లు, వాల్వులు, కంటి లెన్సులతో పాటు అంతర్గత కృత్రిమ భాగాలను కూడా 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం పరిధిలోకి తెచ్చింది. ప్రత్యేకంగా వైద్య పరికరాల నియమావళి 2017లో రూపొంది 2018 జనవరి 1 నుంచి అమలైంది. 2020 ఏప్రిల్ నుంచి అన్ని రకాల వైద్య పరికరాలూ ఔషధాల నిర్వచనం కిందికి వచ్చాయి. పరికరాల వల్ల కలిగే అనర్థాలను నమోదు చేసేందుకు 2015 జూలైలో మెటీరియో విజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. దాని బాధ్యతను ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషను చూస్తున్నది.

కాగితం మీద ఇదంతా బాగానే ఉంది. ఆచరణలో ఏమవుతుందో జాన్సన్ అండ్ జాన్సన్ తుంటి కీళ్ల ఉదంతం చూపింది. లోపాలున్నాయని 2010లో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకున్న ఆ కంపెనీ కృత్రిమ తుంటి కీళ్లను భారతదేశంలో సుమారు 4,700 మందికి అమర్చారు. కేంద్రం నియమించిన నిపుణుల సంఘం ఆరా తీసేసరికి వారిలో మూడు వేల మందికి పైగా ఆచూకీ దొరకలేదు. పరిహారం 30 లక్షల నుంచి 1.23 కోట్ల రూపాయల దాకా ఇవ్వాలన్న సూత్రం 2018లో ఖరారైంది. కానీ తీసుకోవలసినవారు ఎక్కడున్నారో తెలియనప్పుడు సూత్రాలు చేసేదేముంది? తుంటి మార్పిడి చేయించుకున్నవారు దాన్ని దాచుకోరు. వక్షోజాల ఆపరేషను విషయం పక్కింటివారికి కూడా తెలియనివ్వరు. కొందరు మారుపేరుతో చేరతారు, ఊరు మారి చేయించుకుంటారు. పదేళ్ల తరువాత వారిని వెతకడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఆస్ట్రేలియా, నెదర్లాండ్స్ 2015లో, బ్రిటన్ 2016లో ఈ ఇంప్లాంట్లకు జాతీయ రిజిస్టర్లు ప్రారంభించాయి. ఏ ఆసుపత్రిలో, ఏ తేదీన, ఏ నంబరు ఇంప్లాంటు ఎవరికి అమర్చారన్నది అందులో ఉంటుంది. అటువంటి నిర్బంధ రిజిస్టరు భారతదేశంలో లేదు. ప్రతి పరికరానికీ విశిష్ట గుర్తింపు సంఖ్య ఉండాలని 2017 నియమావళి చెప్పింది. 2022 జనవరి 1 నుంచి అమలు కావలసిన ఆ నిబంధనను గడువుకు ముందు వాయిదా వేశారు.

డబ్బు లెక్కలకు వస్తే ప్రభుత్వ వైఖరి మరోలా ఉంది. సౌందర్య శస్త్రచికిత్సను విలాసంగా గుర్తించడంలో ఆర్థిక శాఖ ఏనాడూ ఆలస్యం చేయలేదు. 2009లోనే దీనిపై సేవా పన్ను వేశారు. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు వైద్య సేవలన్నిటికీ మినహాయింపు ఇస్తూ సౌందర్య, ప్లాస్టిక్ సర్జరీని మాత్రం వేరుచేసి 18 శాతం పన్ను పరిధిలో ఉంచారు. పుట్టుకతో వచ్చిన లోపాలు, ఎదుగుదలలో తేడాలు, గాయాల వల్ల దెబ్బతిన్న అవయవాలను సరిచేసే ఆపరేషన్లకే అక్కడ మినహాయింపు. ఆరోగ్య బీమా నియంత్రణ సంస్థ 2019లో జారీ చేసిన ప్రామాణిక నిబంధనలు కూడా ఇటువంటివే. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సరు తరువాతి పునర్నిర్మాణం, వైద్యపరంగా తప్పనిసరి అయినవి తప్ప సౌందర్య శస్త్రచికిత్సలకు బీమా వర్తించదు. ఈ విభజన సబబే. అయితే ఒక చిక్కు ఉంది. సొంత ఖర్చుతో ఇంప్లాంటు పెట్టించుకున్న స్త్రీకి పన్నెండేళ్ల తరువాత అది పగిలితే దాన్ని తీసే ఆపరేషను సౌందర్యమా, వైద్యమా? ప్రతి కేసులోనూ బీమా కంపెనీతో వాదులాట తప్పదు.

స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో, మోకాలి కీళ్లకు అదే ఏడాది ఆగస్టులో జాతీయ ఔషధ ధరల సంస్థ గరిష్ఠ ధరలు నిర్ణయించింది. వక్షోజ ఇంప్లాంట్లకు అలాంటి కట్టడి లేదు. ముద్రిత ధరను ఏడాదికి 10 శాతానికి మించి పెంచరాదన్న సాధారణ నిబంధన మాత్రమే వర్తిస్తుంది. మొదటి ధర ఎంత పెట్టుకోవాలన్నది కంపెనీ ఇష్టం.

ప్రకటనల చట్టం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం తన షెడ్యూలులో ఏయే రుగ్మతలకు మందులున్నాయని ప్రకటించరాదో జాబితా ఇచ్చింది. క్యాన్సరు, మధుమేహం సరసన స్త్రీల వక్షోజాల ఆకృతి కూడా ఆ జాబితాలో స్పష్టంగా ఉంది. 70 ఏళ్లు దాటిన ఈ నిషేధాన్ని లెక్కచేయకుండా తైలాలు, లేపనాలు, మాత్రల ప్రకటనలు పత్రికల లోపలి పేజీలలోనూ, ఆ తరువాత టెలివిజన్ అర్ధరాత్రి కార్యక్రమాలలోనూ, ఇప్పుడు మొబైల్ ఫోన్ల తెరల మీదా నిరాటంకంగా వస్తూనే ఉన్నాయి. పత్రికా ప్రపంచం ఇందులో తాను నిర్దోషినని చెప్పుకోజాలదు. కత్తితో చేసే పని తైలం చేయలేదని ఏ సర్జనును అడిగినా చెబుతారు. తైలం అమ్మేవాడికీ ఆ సంగతి తెలుసు.

ఆపరేషను చేసేవారి అర్హతల విషయమూ ఉంది. సౌందర్య శస్త్రచికిత్సలను, జుట్టు మార్పిడిని తగిన శిక్షణ లేనివారు చేస్తున్నారన్న ఫిర్యాదుల నేపథ్యంలో జాతీయ వైద్య కమిషను 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది. వర్కుషాపులకు హాజరుకావడం, యూట్యూబులో చూసి నేర్చుకోవడం శిక్షణ కిందికి రాదని అందులో పేర్కొనవలసి వచ్చిందంటే పరిస్థితి ఎంతదాకా వచ్చిందో అర్థమవుతుంది.

ఇక న్యాయం సంగతి. వైద్య సేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు చారిత్రక తీర్పు చెప్పింది. అందులోనే ఒక మినహాయింపు ఉంది: అందరికీ పూర్తిగా ఉచితంగా సేవ చేసే ఆసుపత్రిపై వినియోగదారుల ఫోరానికి వెళ్లే వీలులేదు. కనుక ప్రైవేటు క్లినిక్కులో లక్షలు పోసిన మహిళకున్న దారి, సర్కారు దవాఖానాలో పైసా చెల్లించకుండా అదే ఇంప్లాంటు పెట్టించుకున్న మహిళకు ఉండదు. ఆమె సివిలు కోర్టు మెట్లెక్కవలసిందే. స్టాన్లీ ప్రకటనపై చర్చించినవారిలో ఈ తేడా గురించి మాట్లాడినవారు కనబడలేదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో పేషెంటు అనుమతికి సుప్రీంకోర్టు గట్టి నిర్వచనం ఇచ్చింది. చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, ప్రమాదాలు చెప్పిన తరువాత ఇచ్చినదే అనుమతి అంది. ఆపరేషను గది తలుపు దగ్గర ఇంగ్లీషు కాగితం మీద తీసుకునే సంతకం ఆ నిర్వచనానికి ఎంత దూరమో వేరుగా చెప్పనక్కరలేదు.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం క్యాన్సరు పరీక్షలకు సంబంధించినది. 2022లో భారతదేశంలో సుమారు 1,92,000 మంది మహిళలకు కొత్తగా స్తన క్యాన్సరు సోకిందని, 98 వేలకు పైగా మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సరు పరిశోధన కేంద్రం అంచనా. మామూలు ఇంప్లాంట్ల వల్ల స్తన క్యాన్సరు రాదు. అయితే మామోగ్రాం తీసేటప్పుడు సిలికాన్ సంచి వెనుక ఉన్న కణజాలం స్పష్టంగా కనిపించదు. సంచిని వెనక్కి నెట్టి ప్రత్యేక కోణాలలో అదనపు ఫిల్ములు తీయవలసి ఉంటుంది. ఆ పద్ధతి తెలిసిన సాంకేతిక సిబ్బంది జిల్లా కేంద్రాలలో ఎంతమంది ఉన్నారు? పరీక్షకు వచ్చిన మహిళ తనకు ఇంప్లాంటు ఉన్నదన్న సంగతి సిగ్గుపడి దాచిపెడితే, ఫిల్ము చదివే డాక్టరుకు అనుమానం రాకపోవచ్చు గాని గడ్డ మాత్రం అక్కడే ఉంటుంది.

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాలలోని ప్రైవేటు ఆసుపత్రులు ఈ ఆపరేషన్లు చేస్తున్నాయి. ప్రతి ఇంప్లాంటు పెట్టెలో కంపెనీ పేరు, మోడలు, క్రమసంఖ్య ముద్రించిన అంటుడు చీటీలు ఉంటాయి. ఒకటి కేసు షీటుకు, ఒకటి పేషెంటు చేతికిచ్చే కార్డుకు అంటించాలన్నది వాటి ఉద్దేశం. ఈ పనికి కొత్త చట్టం అక్కరలేదు, రూపాయి ఖర్చు లేదు. ఆపరేషను చేయించుకోదలచిన స్త్రీ ఆ కార్డును అడిగి తీసుకోవచ్చు. ఇవ్వనంటే మరో ఆసుపత్రికి పోవచ్చు.